సలేశ్వరం దారిల ఎనకున్నోళ్లకు ఎవరు చెప్పాలె?

వ్యాఖ్యాత: నమస్తే. చైత్ర పున్నానికి నల్లమల అడవిల, లోయల ఉన్న సలేశ్వరం లింగమయ్య గుడికి పోయే దారి జనంతోటి నిండిపోతది. అన్నా, జాతరల ఏదన్న అయితే "జనం ఎగబడ్డరు, తొక్కిసలాట అయింది" అంటరు. అంతేనా?

అతిథి: ఆ మాటనే తప్పు దారి పట్టిస్తది. కాళ్ల కింద పడి పోయేటోళ్ల కంటే, నిలబడ్డ కాడనే ఛాతీ ఒత్తుకపోయి ఊపిరాడక పోయేటోళ్లు ఎక్కువ. 2022ల దక్షిణ కొరియా సియోల్‌ల, ఇతెవాన్ అనే కాడ అదే అయింది. నాలుగు మీటర్ల వెడల్పు కూడ లేని ఏటవాలు సందు, 159 మంది పాణాలు పోయినయి.

వ్యాఖ్యాత: ఎంతమందైతే గండం?

అతిథి: చదరపు మీటరుకు నలుగురుంటే మెసులుకోవచ్చు. ఐదుగురు దాటితే జాగ్రత్త. ఆరేడుగురైతే ఎవరి కాళ్లు వాళ్ల చెప్పుచేతల ఉండవు, చెరువుల అల లెక్క జనమంత ఊగుతది. ఎనకున్నోళ్లు తలా ఇంత జరిగినా, ఆ బరువంత ముందటోళ్ల మీద జమైతది. ఎనకటోళ్లు చెడ్డోళ్లు కారు, ముందట ఏమైతుందో వాళ్లకు కనవడదు. "గుడి మూస్తరంట" అన్న ఒక్క పుకారు చాలు.

వ్యాఖ్యాత: సలేశ్వరంల దిగేటోళ్లు, ఎక్కేటోళ్లు ఎదురెదురు పడ్తరు గదా.

అతిథి: అసలు కష్టం ఆడనే. మీటరు వెడల్పుల నిమిషానికి చదును నేల మీద 82 మంది, మెట్ల మీద 66 మంది దాటుతరని స్టేడియాల భద్రత లెక్క. అదీ అందరు ఒక్క దిక్కు నడిస్తేనే. రాళ్లు, ఎదురు నడక ఉంటే ఇంకా తగ్గుతది. అందుకే జనాన్ని లోయ మొగదల ఆపొద్దు, పైన జాగ ఉన్న కాడనే ఆపాలె. దిగిన గుంపు పైకొచ్చినంకనే ఇంకో గుంపును వదలాలె. దారి పొడుగున మైకుండాలె. ఉత్తగ "ఆగుండ్రి" అంటే ఎవరు నమ్మరు. "కింద దారి నిండింది, పావుగంటల వదుల్తం" అని చెప్పాలె, చెప్పినట్టే వదలాలె.

వ్యాఖ్యాత: అంత మందిల మాట వింటరా?

అతిథి: వింటరు. అందరు ఒక్క గొంతుతోటి "వస్తున్నం లింగమయ్యా" అంటున్నప్పుడు పక్కనున్నోడు పరాయోడు కాడు. 2005ల లండన్ బాంబు పేలుళ్లల్ల బతికి బయటపడ్డోళ్లు గూడ ఇదే చెప్పిండ్రు. ముక్కూమొహం తెల్వనోళ్లే ఒకరికొకరు ఆసరైండ్రు. జనాన్ని మంద లెక్క చూసి లాఠీ చూపిస్తే ఆ ఆసరానే తెగ్గొట్టినట్టు.

వ్యాఖ్యాత: ఇరుక్కపోతే ఏం చెయ్యాలె?

అతిథి: రెండు భుజాలకు మనుషులు తగలంగనే తప్పుకోవాలె, దర్శనం తర్వాతైనా చేసుకోవచ్చు. ఇరుక్కుంటే చేతులు ఛాతీకి ముందట అడ్డం పెట్టుకొని ఊపిరికి జాగ చేసుకోవాలె. తోపుకు ఎదురు తన్నొద్దు. తోపు ఆగినప్పుడు జనం పలచగున్న దిక్కుకు ఏటవాలుగ జరగాలె. చెప్పు ఊడితే వంగొద్దు. కేకలేసి ఊపిరి పోగొట్టుకోవద్దు. పిల్లల్ని ఎత్తుకోవాలె. పడితే పక్కకు ముడుచుకొని తల దాసుకోవాలె. గని సలేశ్వరంల కొన్ని కాడ ఒక దిక్కు బండ, ఒక దిక్కు లోయ, జరగనీకె జాగనే ఉండదు. అందుకే పైన ఆపుమంటున్న.