ఎవరెస్ట్ బేస్ క్యాంప్ ప్యాకింగ్ రివ్యూ: ఏది కొనాలి, ఏది అద్దెకు, ఏది ఇంట్లోనే

నమస్కారం అండీ. టేబుల్ మీద ఈ కుప్ప చూశారుగా, ఇదంతా ఎవరెస్ట్ బేస్ క్యాంప్ ట్రెక్ సామాను. పక్కనున్నది కాటా. వీటిలో ఏది కొనాలి, ఏది కాఠ్మాండూలో అద్దెకు తీసుకుంటే చాలు, ఏది ఇంట్లోనే వదిలేయాలి, అదే ఇవాళ్టి రివ్యూ. అక్టోబర్, నవంబర్‌లో వెళ్లేవాళ్ల లెక్క ఇది. జనవరిలో వెళ్తే ఇది చాలదు.

కాటా ఎందుకంటే, నడక మొదలయ్యే లుక్లాకి వెళ్లే చిన్న విమానంలో మనిషికి మామూలుగా 15 కిలోలే. చెకిన్ 10, చేతి బ్యాగ్ 5. పైన డబ్బు కట్టి తీసుకెళ్లొచ్చు, కానీ ఆ రోజు విమానంలో బరువుకి చోటుండాలి. లుక్లా దాటాక పోర్టర్ సాధారణంగా ఇద్దరి బ్యాగులు కలిపి కట్టి, పట్టీ నుదుటికి వేసుకుని మోస్తాడు. మీరు సర్దుకునే ప్రతి అదనపు కిలో అతని మెడ మీదే పడుతుంది. అందుకే ట్రాలీ సూట్‌కేస్ వద్దే వద్దు, తాడుతో కట్టడానికి కుదరదు. 80 లీటర్ల డఫెల్ బ్యాగ్ (మెత్తటి పొడవాటి సంచి) తీసుకోండి. లోపల బట్టలన్నీ గట్టి ప్లాస్టిక్ కవర్లలో పెట్టండి. వానొచ్చినా, బ్యాగ్‌ని తడి నేల మీద దించినా లోపలివి తడవవు.

ఇక స్లీపింగ్ బ్యాగ్. ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. లేబుల్ మీద మూడు ఉష్ణోగ్రతలుంటాయి: కంఫర్ట్, లిమిట్, ఎక్స్‌ట్రీమ్. పెద్ద అక్షరాల్లో ఎక్స్‌ట్రీమ్ మైనస్ 20 అని చూసి కొనేస్తారు. ఎక్స్‌ట్రీమ్ అంటే ఆ చలిలో ప్రాణం నిలుస్తుందని మాత్రమే, నిద్ర పడుతుందని కాదు. లిమిట్ అంటే ముడుచుకుని పడుకుంటే గట్టెక్కుతారని. మీరు చూడాల్సింది కంఫర్ట్ ఒక్కటే, అది మైనస్ 10 దగ్గర ఉండాలి. బేస్ క్యాంప్‌కి ముందు చివరి మజిలీ, 5,164 మీటర్ల ఎత్తున్న గోరక్ షెప్‌లో నవంబర్ రాత్రి బయట మైనస్ 10, ఒక్కోసారి మైనస్ 15. గదుల్లో హీటర్ ఉండదు. పొయ్యి భోజనాల హాల్లోనే, అదీ సాయంత్రం కాసేపే. లాడ్జ్‌లో అడిగితే దుప్పటిస్తారు, బ్యాగ్ మీద కప్పుకోండి.

మా మాట అడిగితే, ఏటా మంచు కొండలెక్కే అలవాటు లేనివాళ్లు స్లీపింగ్ బ్యాగ్ కొనక్కర్లేదు. కాఠ్మాండూ థమేల్‌లో అద్దెకిచ్చే కొట్లు బోలెడు. కాకపోతే అక్కడి లేబుల్‌ని నమ్మకండి. పేరున్న బ్రాండ్ గుర్తు కుట్టిన లోకల్ బ్యాగులు చాలా ఉంటాయి. బ్యాగ్‌ని కొట్లోనే విప్పించి పది నిమిషాలు అలా వదిలేయండి. పొంగి లావుగా నిలబడితే లోపల ఈకలు బాగున్నట్టు. అక్కడక్కడ పల్చగా, పట్టుకుంటే ఉత్త గుడ్డలా తగిలితే వేరేది అడగండి. జిప్ కింది నుంచి పైదాకా రెండుసార్లు లాగి చూడండి. శుభ్రత కోసం లోపల వేసుకునే లైనర్ మాత్రం మీది మీరే కొనుక్కోండి, 200 గ్రాములకి అటూ ఇటూ ఉంటుంది. రాత్రి ముక్కు, నోరు బ్యాగ్ బయటే ఉంచండి. ఊపిరిలోని తడి చేరితే ఈకలు ఉండలు కట్టి వేడి నిలవదు. పొద్దున ఎండ తగిలితే కాసేపు ఆరేయండి.

డౌన్ జాకెట్‌కీ (ఈకలు నింపిన జాకెట్) ఇదే సూత్రం, అద్దె చాలు. తల కప్పే టోపీ ఉన్న జాకెట్టే తీసుకోండి. నడిచేటప్పుడు ఆ జాకెట్ వేసుకోరు, చెమట పట్టి తడుస్తుంది. ఆగినప్పుడు, సాయంత్రాలు, గోరక్ షెప్ పైనున్న కాలాపత్తర్ కొండకి చీకటితో బయల్దేరినప్పుడు దాని అవసరం. నడకకి డ్రై ఫిట్ టీషర్ట్, పైన ఫ్లీస్ (ఉన్నిలాంటి వెచ్చటి జాకెట్), గాలి వానకి పల్చటి షెల్ జాకెట్. థర్మల్ రెండు జతలు, అందులో ఒకటి రాత్రికి మాత్రమే, పగలు ముట్టుకోవద్దు. ట్రెక్ ప్యాంట్లు రెండు, సాక్సులు నాలుగు జతలు. జీన్స్, కాటన్ బనియన్లు, కాటన్ టీషర్ట్‌లు పక్కన పెట్టేయండి. ఎక్కేటప్పుడు చెమట పీల్చుకుంటాయి, తొందరగా ఆరవు, ఆగిన ఐదు నిమిషాలకి ఒంటికి అంటుకుని వణికిస్తాయి. ఇక టచ్ స్క్రీన్ గ్లవ్స్... సరదాకి బాగుంటాయి. తెల్లవారుజాము చలికి వేళ్లన్నీ కలిసుండే దళసరి మిటెన్సే కావాలి, లోపల పల్చటి గ్లవ్స్.

బూట్లు మాత్రం అద్దెకి వద్దు. చీలమండ కప్పే బూట్లు, మందపాటి సాక్స్ వేసుకుని సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. ముందు బొటనవేలంత ఖాళీ ఉండాలి. దిగేటప్పుడు వేళ్లు ముందుకి గుద్దుకుని గోళ్లు నల్లబడేది ఆ ఖాళీ లేకే. గోళ్లు కత్తిరించుకోండి, చీలమండ దగ్గర లేసు బిగించి కట్టండి. కనీసం నెల రోజులు మెట్లెక్కి దిగి అలవాటు చేసుకోండి. అలమరలో ఐదారేళ్లుగా ఉన్న బూట్లుంటే జాగ్రత్త. విశాఖ, చెన్నై లాంటి ఉక్కపోత ఊళ్లలో, వాడకపోయినా సరే, సోల్ మధ్యలోని పాలీయురిథేన్ ఫోమ్ తేమకి విరుగుతుంది. బయటికి కొత్తవాటిలా కనిపించి, దారిలో అడుగు ఊడొస్తుంది. ఫోమ్‌ని వేలితో గట్టిగా నొక్కండి. పగుళ్లు కనబడినా, పొడి రాలినా పారేయండి. జిగురు పనిచేయదు, విరిగింది ఫోమే కాబట్టి.

నీళ్లకి వెడల్పు మూతి ఉన్న లీటర్ సీసాలు రెండు. పైకి వెళ్లేకొద్దీ పైపున్న హైడ్రేషన్ బ్యాగ్ పొద్దున్నే గడ్డకట్టి మొరాయిస్తుంది. సీసాని తలకిందులుగా పెట్టుకోండి, మంచు పైనే కడుతుంది కాబట్టి మూతి తెరుచుకుంటుంది. రాత్రి వేణ్నీళ్లు పోసి స్లీపింగ్ బ్యాగ్‌లో పెట్టుకుంటే కాళ్లకి వెచ్చదనం, పొద్దున్నే తాగడానికి నీళ్లు. క్లోరిన్ మాత్ర వేశాక అరగంట ఆగాలి, చల్లటి నీళ్లకి ఇంకా ఎక్కువసేపు. విటమిన్ సి ఉన్న పొడులు అప్పుడే కలపొద్దు, క్లోరిన్ బలం పోతుంది. నీళ్లు వడగట్టే పీచు గొట్టాల ఫిల్టర్ ఒక్కసారి గడ్డకడితే లోపల చిట్లుతుంది, బయటికి తెలియదు. తీసుకెళ్తే రాత్రి దాన్ని పక్కలోనే పెట్టుకోండి. ఫోన్, పవర్‌బ్యాంక్‌లదీ అదే కథ, చలికి చార్జ్ పడిపోతుంది. 20,000 ఎంఏహెచ్ పవర్‌బ్యాంక్ దాదాపు 74 వాట్ అవర్, విమాన పరిమితి 100 లోపే. చేతి బ్యాగ్‌లోనే ఉండాలి. సోలార్ ప్యానెల్ వద్దు, లాడ్జ్‌లో డబ్బిచ్చి చార్జ్ చేసుకోవడమే తేలిక.

మందుల సంగతి డాక్టర్‌తోనే. ఎత్తు వల్ల వచ్చే జబ్బు రాకుండా వాడే డయమాక్స్ మామూలుగా 125 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు, ఎత్తుకి బయల్దేరే ముందు రోజు నుంచి ఇస్తారు. సల్ఫా మందులు పడనివాళ్లు ఆ మాట ముందే చెప్పాలి. వేళ్లు తిమ్మిరెక్కితే కంగారొద్దు, ఆ మందు లక్షణమే. పల్స్ ఆక్సీమీటర్ చల్లటి వేలికి పెడితే తప్పు చూపిస్తుంది, చెయ్యి వెచ్చబడ్డాక చూడండి. అంకె బాగుంది కదా అని లక్షణాలు వదిలేయొద్దు. తలనొప్పి, వాంతులు ఉంటే ఇంకా పైకి ఎక్కొద్దు. తాగినవాళ్లలా తూలుతుంటే వెంటనే కిందికి దించాలి, రాత్రయినా సరే. ఇన్సూరెన్స్‌లో 6,000 మీటర్ల దాకా హెలికాప్టర్ రక్షణ ఉందో లేదో చదివి కొనండి. చలువ కళ్లద్దాలు, ఎండని ఆపే స్థాయిలో కేటగిరీ 3కి తగ్గకూడదు.

తిండి విషయంలో మనవాళ్లు అతి చేస్తారు! దాల్ భాత్ దొరుకుతుంది, అడిగితే మళ్లీ వడ్డిస్తారు. కందిపొడి ఒక 200 గ్రాములు జిప్ కవర్‌లో చాలు. ఆవకాయ వద్దు. ఎత్తుకి వెళ్లేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గి ప్యాకెట్ ఉబ్బుతుంది, నూనె కారి బట్టలన్నీ పాడవుతాయి.

భారతీయులకి వీసా అక్కర్లేదు. విమానంలో వెళ్లే 15 నుంచి 65 ఏళ్లవాళ్లకి ఆధార్ చెల్లదు, పాస్‌పోర్ట్ లేదా ఓటర్ కార్డ్ ఒరిజినల్ ఉండాలి. నేపాలీ రూపాయలు కాఠ్మాండూలోనే తీసుకోండి, మన 100కి 160. ఏటీఎంలు దారిలోని పెద్ద ఊరు నామ్చే దాటితే లేవు, అక్కడివీ అన్నిసార్లూ పనిచేయవు.

చివరిగా, రద్దీ సీజన్‌లో లుక్లా విమానాలు ఎక్కువగా కాఠ్మాండూ నుంచి కాదు, అక్కడికి కొన్ని గంటల రోడ్డు దూరంలోని రామెఛాప్ నుంచే. కాఠ్మాండూలో అర్ధరాత్రి దాటాక కారెక్కాలి కాబట్టి తూకం ముందు సాయంత్రమే హోటల్లో చూసుకోండి. ఒక్కోసారి మనిషి ముందు, బ్యాగ్ మర్నాడు చేరుతుంది. మందులు, డౌన్ జాకెట్, ఒక జత థర్మల్, హెడ్‌ల్యాంప్, డబ్బు చేతి బ్యాగ్‌లో పెట్టుకోండి. బూట్లు కాళ్లకే వేసుకుని విమానం ఎక్కండి.