టవర్ స్పీకర్లు కొన్నోళ్ల మాట ఎట్ల వినాలె

అందరికి నమస్తే. ఎండల పడి వచ్చిండ్రు, జర మంచినీళ్లు తాగి కూసోండ్రి, కరెంటు ఉన్నప్పుడే మొదలువెడదాం. ఇయ్యాల నేను ఫలానా కంపెనీ స్పీకర్ కొనుండ్రి, ఫలానాది వద్దు అని చెప్పనీకి రాలే, అట్ల చెప్పేటోళ్లు ఆన్‌లైన్ల మస్తు మంది ఉన్నరు. హన్మకొండ, కాజీపేట, వరంగల్, అటు కరీంనగర్ దాక నాకు తెలిసినోళ్లల్ల నేల మీద నిలవడే టవర్ స్పీకర్లు కొన్నోళ్లు ఉన్నరు, వాళ్లు ఏమంటాండ్లో విని, కొందరి ఇండ్లకు పోయి నేను గూడ కూసొని విని, నాకు అర్థమైందేందంటే వాళ్లు స్పీకర్ గురించి చెప్తున్నం అనుకుంటాండ్లు గని అందుల సగం వాళ్ల హాలు గురించి చెప్పుడే. కాబట్టి ఎవరన్న "మస్తుంది" అన్నా "దండుగ" అన్నా, ముందుగాల ఆ మనిషి యాడ కూసొని విన్నడో అడుగుండ్రి.

బేస్, అంటే లావు చప్పుడు, దాని సంగతే చూద్దాం, టవర్ కొన్నోళ్ల నోట్ల మొదట వచ్చే మాట అదే కదా. సుబేదారిల ఒకాయన "అన్నా, గోడలు వణుకుతానయ్" అంటడు. అదే మోడల్ కాజీపేటల ఇంకొకాయన కొన్నడు, ఆయన "బేస్ ఏది, పైసలు పోయినయ్" అంటడు. ఇద్దరు అబద్ధం చెప్తలేరు. మన దగ్గర ఇప్పుడు కడుతున్న ఇండ్లల్ల హాలు 14 ఫీట్ల పొడుగు, 11 ఫీట్ల ఎడల్పు, 10 ఫీట్ల ఎత్తు అనుకోండ్రి. కింద గ్రానైటో టైల్సో, పైన స్లాబు, చుట్టు ఇటుక గోడ, దాని మీద సిమెంటు. చప్పుడు సెకనుకు 343 మీటర్లు పోతది, ఆ లెక్కన 14 ఫీట్ల పొడుగుల రెండు గోడల నడుమ కొట్టుకునే మొదటి ఫ్రీక్వెన్సీ (గాలి సెకనుకు ఎన్నిసార్లు ఊగుతదో ఆ లెక్క) 40 హెర్ట్జ్ దగ్గర పడ్తది, 11 ఫీట్లకు 51, ఎత్తుకు 56. మూడుకు మూడు, సరిగ్గ టవర్ స్పీకర్ బేస్ వాయించే జాగలనే ఉన్నయ్. ఆ ఫ్రీక్వెన్సీలల్ల గోడ పక్కన ఒత్తిడి బాగ ఎక్కువ, గది నట్టనడుమ దాదాపు ఏం ఉండది. మరి మన ఇండ్లల్ల సోఫా ఏడుంటది? వెనుక గోడకు ఆనించి ఉంటది. ఇంటాయన సోఫాల కూసొని బూమ్ బూమ్ అంటాంది అంటడు, వాళ్ల బామ్మర్ది నడుమ కుర్చేసుకొని కూసొని బావా ఇందుల బేసే లేదు అంటడు, పంచాయితి షురూ. ఇద్దరిని జాగ మారి కూసోమంటే పంచాయితి తెగుతది.

చదరం గది ఇంకా కష్టం. 12 బై 12 గది అనుకోండ్రి, పొడుగుదీ ఎడల్పుదీ ఒక్క ఫ్రీక్వెన్సీ కాడనే పడి ఆ నోటు ఒక్కటే రెండింతలు మోగుతది, మిగతా బేస్ గిటార్ అంత ఎటో పోతది. అదే పాత గూనపెంకల ఇంట్ల టవర్లు పెట్టినోళ్లను అడిగితే బూమ్ గురించి ఒక్క మాట అనరు, ఎందుకంటే ఆ పైకప్పు కెల్లి బేస్ బయటికి పోతది, మీకు రాదు పక్కింటోళ్లకు వస్తది. హాలు, డైనింగు, మెట్లు అన్ని కలిసి తెరిచి ఉన్న డూప్లెక్స్ ఇండ్లల్ల గూడ బేస్ సాపుగ ఉంటది గని జర పలచగ అనిపిస్తది.

దీనికి మందు ఏందంటే జరుపుడే. వెనుక గోడకు దగ్గర పెడితే బేస్ పెరుగుతది, మూలకు పెడితే ఇంకా పెరుగుతది, ఇది ఏ కంపెనీ అయినా అంతే. టీవీ యూనిట్ పక్కన ఇరికించి మూలకు పెట్టి "మబ్బుగ ఉంది, మాటలు స్పష్టంగ లేవు" అనేటోళ్లు చాన మంది, రెండు ఫీట్లు ముందటికి గుంజితే చాలా వరకు అయిపాయె. గుంజే జాగ లేదు, నడిచే తొవ్వకు అడ్డం వస్తది అంటరా, చాన స్పీకర్లతోని డబ్బాలనే స్పాంజి ముక్కలు వస్తయ్, వెనుక ఉన్న పోర్టు రంధ్రంల పెట్టనీకి. అవి ప్యాకింగు సామాన్లు అనుకొని పారేసినోళ్లు ఉన్నరు. పోర్టు మూస్తే బేస్ కిందికి దిగుడు మెల్లగ అయితది, గోడ ఇచ్చే పెంపు దానికి సరిపోతది.

ఇంకో సంగతి డీజే. మన పోరగండ్లు గణేష్ నిమజ్జనం కాడ, పెండ్లి బరాత్‌ల కాడ విన్న బేస్‌నే బేస్ అనుకుంటరు. అక్కడ 18 ఇంచుల ఊఫర్లు (బేస్ వాయించే పెద్ద కోన్లు) పదో ఇరవయ్యో ఒక్క లారీ మీద ఉంటయ్, మీ టవర్‌ల ఉన్నది ఆరున్నర ఇంచులది, మహా అంటే రెండు మూడు. ఆరున్నర ఇంచుల టవర్లు చాన మటుకు 40, 45 హెర్ట్జ్ దాక మంచిగ వస్తయ్, తర్వాత జారుతయ్. పోర్టు ఉన్న డబ్బాల ఆ కిందికి పోయినంక ఆక్టేవుకు, అంటే ఫ్రీక్వెన్సీ సగం అయినప్పుడల్లా, 24 డెసిబెల్ (చప్పుడు కొలత) లెక్కన పడిపోతది, మూసి ఉన్న డబ్బాల 12. ఛాతిల గుద్దినట్టు కావాలంటే సబ్ ఊఫర్ (బేస్ ఒక్కటే వాయించే వేరే డబ్బా) కొనాలె, టవర్‌ను తిట్టి లాభం లేదు. నన్నడిగితే పరీక్షకు డీజే పాట కాదు, మంచిగ రికార్డు చేసిన డప్పు పెట్టుండ్రి. మంటకు కాపి బిర్రు చేసిన తోలు మీద పుల్ల పడ్డప్పుడు వచ్చే ఆ టక్కు, దాని ఎంబడే వచ్చే గుమ్ము, రెండు విడివిడిగ వినవడాలె. గుమ్ము ఒక్కటే వస్తే మీ గది మోగుతాంది. టక్కు ఒక్కటే వచ్చి గుమ్ము రాకుంటే మీరు కూసున్న జాగ తప్పు.

రెండో మాట, "చెవులల్ల గుచ్చుకుంటాంది". ఇది ఎక్కువ కొత్త ఇండ్లోళ్లే అంటరు, కొత్త ఇంట్ల టైల్సు మెరుస్తుంటయ్, గోడలు బోడిగ ఉంటయ్, కర్టెన్లు ఇంకా రాలే. క్లిప్ష్ కంపెనీవి లాంటి, ముందట బూర లెక్క హారన్ ఉన్న స్పీకర్లు కొన్నోళ్లు ఇది ఇంకా ఎక్కువ అంటరు, అదే స్పీకర్ పరుపులు, బట్టలు నిండిన బెడ్‌రూంల పెట్టినాయన ఎంత హుషారుగ ఉందో అంటడు. దీనికి మన దగ్గరనే మందు ఉంది, వరంగల్‌ల దర్రీలు నేసే కొత్తవాడ. వరంగల్ దర్రీలకు 2018ల జీఐ గుర్తింపు (ఇది ఫలానా ఊరిదే అనే ముద్ర) వచ్చింది, అందరం ఫోటోలు పెట్టుకున్నం, ఇంట్ల ఎంత మందికి ఉన్నయో చెప్పుండ్రి. స్పీకర్‌కు మీకు నడుమ నేల మీద ఒక దర్రీ పరుచుండ్రి, రెండు మడతలు అయితే ఇంకా మంచిది. సన్న చప్పుళ్లు నేలకు తాకి ఎగిరొచ్చుడు తగ్గుతది. బేస్‌కు మాత్రం దర్రీతోని ఏం కాదు, అంత లావు అలను పత్తి నూలు ఏం ఆపుతది, 40 హెర్ట్జ్ అల పొడుగు ఎనిమిదిన్నర మీటర్లు.

కూసునే ఎత్తు గూడ మన దగ్గర వేరే ముచ్చట. టవర్ల ట్వీటర్ (సన్న చప్పుళ్లు వాయించే చిన్న గుండు) సుమారు సోఫాల కూసున్న మనిషి చెవి ఎత్తుల ఉండేటట్టు తయారు చేస్తరు. మనం కింద చాప మీద కూసొని, గోడకు ఒరిగి, కొందరైతే పండుకొని వింటం. ట్వీటర్ పైన, ఊఫర్ కింద ఉన్నప్పుడు మీ చెవి కిందికి పోతే రెండింటి నుంచి వచ్చే చప్పుడు ఒక్క టైంకు చేరది, క్రాసోవర్ కాడ, అంటే ఊఫర్ పని ఆగి ట్వీటర్ పని మొదలయ్యే కాడ, కొంత కోసుకపోతది, పాడేటోళ్ల గొంతు బోలుగ అనిపిస్తది. "మా బాపు పాటలు మంచిగ లేవంటడు, నాకేమో మంచిగున్నయ్" అని ఒక తమ్ముడు అన్నడు, ఆ బాపు కింద కూసుంటడు, ఈ తమ్ముడు సోఫాల. కెఫ్ అనే ఇంగ్లండ్ కంపెనీ వాళ్లు 1988 కెల్లి ట్వీటర్‌ను ఊఫర్ నట్టనడుమ పెట్టి చేస్తుండ్లు, అసుంటి వాటిల ఈ తేడా తక్కువ.

వాట్ల గురించి ఎక్కువ చెప్ప. షాపుల "ఇది 200 వాట్లు సార్" అంటే తల ఊపి సెన్సిటివిటీ (ఒక వాటు ఇస్తే ఎంత చప్పుడు వస్తదో ఆ లెక్క) ఎంత అని అడుగుండ్రి. 88 డెసిబెల్ స్పీకర్‌కు, 98 డెసిబెల్ స్పీకర్‌కు ఒక్కతీరు చప్పుడు రావాలంటే మొదటి దానికి పది రెట్ల వాట్లు కావాలె, తేడా అంత ఉంటది. ఆ నంబర్‌ల గూడ ఒక కిటుకు ఉంది, చాన మంది 2.83 వోల్టులు ఇచ్చి కొలుస్తరు, ఎనిమిది ఓమ్‌ల (ఓమ్ అంటే కరెంటుకు పడే అడ్డం కొలత) స్పీకర్‌కు అది ఒక వాటు, నాలుగు ఓమ్‌ల దానికి రెండు వాట్లు, అంటే నాలుగు ఓమ్‌ల స్పీకర్ నంబరు మూడు డెసిబెల్ ఎక్కువ కనవడ్తది. నాలుగు ఓమ్‌లది కరెంటు ఎక్కువ గుంజుతది, చిన్న ఏవీ రిసీవర్ (టీవీకి, స్పీకర్లకు నడుమ పెట్టే ఆంప్లిఫయర్) పెట్టుకొని నాలుగు ఓమ్‌ల టవర్ కొని "సౌండ్ పెంచితే ఆగిపోతాంది" అనేటోళ్ల కథ ఇదే. వైరు సంగతి అయితే, ఎలక్ట్రికల్ షాపుల దొరికే రెండున్నర ఎంఎం రాగి తీగ ఐదు మీటర్లు అటు ఇటు గుంజినా ఒక ఓమ్‌ల పదో వంతు గూడ అడ్డం పడది. వేలు పోసి వైరు కొన్నోళ్ల మీద నాకు కోపం లేదు, వాళ్ల పైసలు వాళ్ల ఇష్టం, గని వైరు మారంగనే బేస్ విచ్చుకుంది అంటే మాత్రం నేను చాయ్ తాగుకుంట ఊకుంట.

ఎందుకు ఊకుంట అంటున్న అంటే, కండ్లతోని గూడ వింటం మనం. 1994ల అమెరికాల హర్మన్ కంపెనీల ఫ్లాయిడ్ టూల్, షాన్ ఓలివ్ అనేటోళ్లు వాళ్ల కంపెనీ ఉద్యోగులతోనే ఒక పరీక్ష చేసిండ్రు. ఒకపారి స్పీకర్లను తెర వెనుక పెట్టి, ఇంకోపారి కండ్ల ముందట పెట్టి మార్కులు వెయ్యమన్నరు. పెద్ద పెద్ద స్పీకర్లతోని పాటు ఒక చిన్న, అగ్గువ సిస్టం గూడ పెట్టిండ్రు. తెర ఉన్నప్పుడు ఆ చిన్న దానికి మంచి మార్కులే వచ్చినయ్, తెర తీసేసరికి పడిపోయినయ్, పెద్దయ్యేమో కనవడంగనే పెరిగినయ్. రోజు స్పీకర్లతోని పనిచేసేటోళ్లకే గట్లయితే, మూడు నెలల జీతం పెట్టి కొని, నలుగురిని పిలిచి చూపెట్టుకునేటోని మాట ఎంత పట్టుకోవాలె? నూరు గంటలు వాయించినంకనే విచ్చుకున్నయ్ అనేది గూడ నేను సగమే నమ్ముత. ఊఫర్ వెనుక సస్పెన్షన్ (కోన్‌ను స్ప్రింగు లెక్క పట్టుకునేది) కొత్తల జర బిర్రుగ ఉంటది, అది తొందరగనే సదురుకుంటది, మిగతా దినాలు సదురుకునేది మన చెవి.

అట్లని కొన్నోళ్ల మాటలన్ని తీసిపారెయ్యొద్దు. ఏ పత్రికల రానిది, ఏ షాపోడు చెప్పనిది వాళ్లే చెప్తరు. రోజు తడిగుడ్డ పెట్టి తుడిస్తే టవర్ అడుగున నీళ్లు పీల్చుకొని ఎండీఎఫ్ (కట్టె పొట్టు అతికిచ్చి చేసిన చెక్క) ఉబ్బుతది, ఇది నాకు ఒక వదినె చూపెట్టింది, కింద అంచు బిస్కెట్ లెక్క అయ్యింది, ఇప్పుడు ఆమె కింద గ్రానైటు ముక్కలు పెట్టి ఎత్తింది. వెనుక పోర్టుల బల్లి దూరుతది, బొద్దింకలు దూరుతయ్, సన్న దోమతెర ముక్క కట్టినోళ్లు ఉన్నరు, దానితోని చప్పుడుకు పెద్దగ ఏం కాదు. చిన్న పిల్లలున్న ఇంట్ల ముందటి జాలి తీయొద్దు, ట్వీటర్ గుండును ఏలుతోని నొక్కుడంటే పిల్లలకు ఎంత ఇష్టమో. ఒక్కొక్కటి ఇరవై కిలోలు ఉంటది, ఎత్తు ఎక్కువ అడుగు సన్నం, పట్టుకొని నిలవడే పిల్ల ఉంటే వెడల్పు కాళ్లు బిగించాలె, నున్నటి గ్రానైటు మీద మొనదేలిన స్పైకులు జారుతయ్, కింద రూపాయి బిళ్ల అన్న పెట్టుండ్రి. ఖాళీ డబ్బాలు సజ్జ మీద దాచుండ్రి, రిపేరుకు హైదరాబాద్ పంపాల్సొస్తే అవి లేకుంట పంపిన ఒకాయనకు మూల పగిలి వచ్చింది.

టవరే కావాల్నా అని గూడ అడుగుతరు. స్టాండు మీద పెట్టే చిన్న స్పీకర్ గూడ నేల మీద అంతే జాగ పట్టుకుంటది, స్టాండు పైసలు వేరే. గది పెద్దగుంటే, సబ్ ఊఫర్ వద్దనుకుంటే టవర్ సరైంది. 11 బై 10 గదిల చిన్నయి తీసుకొని, మిగిలిన పైసలతోని సబ్ ఊఫర్ కొని దాన్ని మంచి జాగల పెట్టుకున్నోళ్లే నాకు సంతోషంగ కనవడ్డరు.

పాతయి కొనేటోళ్లు ఊఫర్ చుట్టు ఉన్న అంచును చూడుండ్రి. నురుగు అంచు అయితే ఏండ్లు గడిస్తే పొడి పొడి అయి రాలుతది, రబ్బరు అంచు చాన కాలం ఉంటది. ఊఫర్‌ను రెండు చేతుల ఏళ్లతోని నిమ్మళంగ లోపలికి నొక్కుండ్రి, గరగర అంటే వద్దు. సికింద్రాబాద్ పోయి షోరూంల వినేటోళ్లు, ఆ గదిల కార్పెట్, కర్టెన్లు, ఫాల్స్ సీలింగు ఉన్నయని యాది పెట్టుకొని, తిరిగి ఇస్తే తీసుకుంటరా లేదా అని ముందుగాలనే అడుగుండ్రి.

ఆఖరుకు ఒక్కటి, ఎక్కువ మంది ఇండ్లల్ల నేను చూసిన తప్పు. రెండు స్పీకర్లల్ల ఒకదానికి ప్లస్ మైనస్ తిరగేసి పెడుతరు. అప్పుడు బేస్ సన్నవడ్తది, గొంతు నడుమ నిలవడకుంట చెవుల చుట్టు తిరుగుతది. దీన్ని పట్టనీకి ఘంటసాల కాలం మోనో పాట పెట్టుండ్రి, రెండు స్పీకర్లల్ల ఒక్కటే వస్తది కాబట్టి గొంతు సరిగ్గ నడుమల, ఖాళీ జాగ కెల్లి రావాలె. ఇక్కడ పెట్టిన జతల ఒకటి కావాల్నని తిరగేసిన, ముందుగాల పాట అట్లనే పెడ్త, తర్వాత సరి చేసి పెడ్త. వెనుక గోడకు కూసున్న అన్నలు, జర నడుమకు రాండ్రి.