కత్తి ఎంతవరకు? రొమ్ము, థైరాయిడ్ కణితుల శస్త్రచికిత్సలో పరిశోధన నేర్పినది

సభకు నమస్కారం.

నిర్వాహకులు నాకు ఒకే షరతు పెట్టారు: "డాక్టరు గారూ, క్యాన్సర్ గురించి మాట్లాడండి గానీ జనాన్ని హడలగొట్టకండి." హడలగొట్టను. ఒక్క ప్రశ్న పట్టుకుని మాట్లాడతాను. రొమ్ములోనో గొంతులోనో కణితి ఉందని తేలింది, ఆపరేషన్ చేయాలి. ఎంత కోయాలి? ఆ మాట ఎవరు చెప్పాలి? అనుభవం పండిన సర్జన్ చెబితే సరిపోతుందా?

సరిపోదని గత నూట ముప్పై ఏళ్ల చరిత్ర చెబుతోంది. వృత్తిరీత్యా సర్జన్‌నే అయినా ఈ మాట అనక తప్పదు.

1894లో అమెరికాలోని బాల్టిమోర్‌లో, జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రి సర్జన్ విలియం హాల్‌స్టెడ్ యాభై మంది రొమ్ము క్యాన్సర్ రోగుల ఫలితాలు ప్రచురించారు. రొమ్ము, దాని కింది ఛాతీ కండరాలు, చంకలోని లింఫ్ గ్రంథులు అన్నిటినీ కలిపి ఒకేసారి తీసేసే ఆపరేషన్ అది. క్యాన్సర్ పుట్టినచోటు నుంచి అంచెలంచెలుగా చుట్టుపక్కలకు పాకుతుందని ఆయన నమ్మకం. అలాంటప్పుడు ఎంత విశాలంగా కోస్తే అంత మేలు కదా! పైగా ఆపరేషన్ చేసినచోటే గడ్డ తిరిగి రావడం నిజంగానే బాగా తగ్గింది. దాంతో ప్రపంచమంతా ఆ దారే పట్టింది. ఛాతీ గుంటపడి, పక్కటెముకలు చర్మం కిందే కనిపిస్తూ, చేయి ఉబ్బిపోయి బతికిన స్త్రీలు లక్షల్లో ఉంటారు. గడ్డ అదేచోట తిరిగి రాకపోవడం ఒకటి, మనిషి బతకడం ఇంకొకటి. ఈ తేడాను ఎనభై ఏళ్లపాటు ఎవరూ గట్టిగా పరీక్షించలేదు.

అడిగినవాళ్లే లేరని కాదు. లండన్‌లో జెఫ్రీ కీన్స్ అనే సర్జన్ 1920లలోనే చిన్న ఆపరేషన్ చేసి, రేడియం సూదులు గుచ్చి చికిత్స చేశారు. ఆర్థికవేత్త జాన్ మేనార్డ్ కీన్స్‌కు ఈయన తమ్ముడు. ఫలితాలు పెద్ద ఆపరేషన్‌కు తీసిపోలేదని ఆయన రాశారు. ఎవరూ పట్టించుకోలేదు. తన రోగులను తనే ఎంచుకుని, తన ఫలితాలను తనే చెప్పుకుంటే పక్కవాడు ఎందుకు నమ్మాలి? హాల్‌స్టెడ్‌నూ అదే అడగాలి. కానీ అడగలేదు. పెద్ద కోత మీద ఉన్న గౌరవం అలాంటిది.

ఆ ప్రతిష్టంభనను పిట్స్‌బర్గ్ సర్జన్ బెర్నార్డ్ ఫిషర్ బద్దలు కొట్టారు. ఫలానావారికి పెద్ద ఆపరేషన్, ఫలానావారికి చిన్నది అని డాక్టరు ఎంచకూడదు, చీటీ తేల్చాలి అన్నారు. 1971లో మొదలైన బి-04 అధ్యయనంలో 1,665 మంది స్త్రీలు చేరారు. కండరాలతో సహా అన్నీ తీసినా, రొమ్ము వరకే తీసినా ఆయుష్షులో తేడా లేదని తేలింది. ఇరవై అయిదేళ్లు వెంబడించి చూసినా అదే మాట. 1976లో మొదలైన బి-06 ఇంకో అడుగు ముందుకేసింది: గడ్డ వరకు తీసి రొమ్మును ఉంచేస్తే? ఇరవై ఏళ్ల తర్వాత కూడా బతికినవారి శాతంలో తేడా లేదు. అయితే గడ్డ తీసి ఊరుకున్నవారిలో 39.2 శాతం మందికి అదే రొమ్ములో మళ్లీ వచ్చింది. రేడియేషన్ కూడా ఇచ్చినవారిలో అది 14.3 శాతమే. ఈ రెండో అంకెను మరచిపోకండి, దానితో మనకు పని ఉంది.

అదే కాలంలో ఇటలీలోని మిలాన్‌లో ఉంబెర్టో వెరొనేసి 701 మంది స్త్రీలతో ఇలాంటి పరీక్షే చేశారు. రెండు సెంటీమీటర్లు దాటని గడ్డలు. సగం మందికి హాల్‌స్టెడ్ ఆపరేషన్, సగం మందికి రొమ్ములో నాలుగో వంతు మాత్రం తీసి రేడియేషన్. ఫలితం ఒకటే. ఈ రెండు అధ్యయనాల ఇరవై ఏళ్ల ఫలితాలు 2002లో ఒకే వైద్య పత్రిక ఒకే సంచికలో వచ్చాయి.

మధ్యలో ఒక మచ్చ కూడా ఉంది, దాచడం ఎందుకు? ఫిషర్ అధ్యయనాల్లో పాల్గొన్న మాంట్రియల్ సర్జన్ ఒకరు అర్హత లేని రోగులను చేర్చడానికి రికార్డులు మార్చారని బయటపడింది. 1994లో పెద్ద గొడవైంది, ఫిషర్‌ను పదవి నుంచి తప్పించారు. ఆ రోగుల లెక్కలన్నీ తీసేసి మళ్లీ విశ్లేషిస్తే ఫలితం చెక్కుచెదరలేదు. తర్వాత ఆయనకు క్షమాపణ కూడా చెప్పారు. ఒకరి మోసాన్ని తట్టుకుని నిలిచే నిర్మాణం కావడం వల్లే ఈ పద్ధతిని నేను నమ్ముతాను.

ఇక చంక సంగతి. రొమ్ము నిలిచినా చంక గ్రంథులన్నీ ఊడ్చేస్తే చేయి వాచిపోతుంది. పిండి కలపడానికి, నీళ్ల బిందె ఎత్తడానికి, గాజులు వేసుకోవడానికి ఆ చేయే కావాలి. అందుకే మొదటి గ్రంథిని పట్టుకుని పరీక్షించే పద్ధతి వచ్చింది. ఆపరేషన్ బల్ల మీద, మత్తు ఇచ్చాక, చనుమొన దగ్గర కొద్దిగా నీలిరంగు మందు ఎక్కిస్తాం. కొన్ని నిమిషాలు మర్దన చేస్తాం. చంకలో చిన్న కోత పెట్టి కొవ్వును మెల్లగా విడదీస్తూ పోతే ఒకచోట సన్నటి నీలి నాళం తగులుతుంది. దాని వెంటే వెళ్తే నీలంగా మారిన గ్రంథి కనిపిస్తుంది. క్యాన్సర్ కణాలు చంకలోకి పాకితే ముందుగా దిగేది అక్కడే. దాన్ని తీసి పాథాలజిస్టుకు పంపుతాం. అది శుభ్రంగా ఉంటే మిగతా చంక జోలికి వెళ్లం.

అది శుభ్రంగా లేకపోతే? చాలాకాలం "అన్నీ తీసేయండి" అన్నదే జవాబు. 2011లో ప్రచురితమైన జడ్-11 అధ్యయనం దాన్నీ కదిలించింది. ఒకటి రెండు గ్రంథుల్లో క్యాన్సర్ ఉండి, రొమ్మును నిలుపుకుని, రేడియేషన్ తీసుకునే స్త్రీలలో పదేళ్ల తర్వాత బతికి ఉన్నవారు చంక ఊడ్చినవారిలో 83.6 శాతం, ఊడ్చనివారిలో 86.3 శాతం. 2023లో మిలాన్ నుంచే వచ్చిన 'సౌండ్' అనే అధ్యయనం ప్రకారం, రెండు సెంటీమీటర్ల లోపు గడ్డ ఉండి, అల్ట్రాసౌండ్‌లో చంక మామూలుగా కనిపిస్తే ఆ మొదటి గ్రంథిని కూడా ముట్టుకోనక్కర్లేదు. నా మటుకు నేను దీన్ని మన దగ్గర అప్పుడే అందరికీ వర్తింపజేయను. ఆ స్కానింగ్ ఎవరు చేశారు, ఎంత శ్రద్ధగా చేశారు అన్నదాని మీదే అంతా ఆధారపడింది.

మన సంగతికి వద్దాం. జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ 2020 నివేదికలో రొమ్ము క్యాన్సర్ రేటు అత్యధికంగా ఉన్నది హైదరాబాద్‌లోనే: వయసు సవరించిన లెక్కలో లక్ష మంది స్త్రీలకు 48. మా ఓపీకి వచ్చేవారిలో రెండు సెంటీమీటర్ల గడ్డలు తక్కువ. "నొప్పి లేదు కదా డాక్టరు గారూ, అదే పోతుందిలే అనుకున్నా" అని ఏడాది తర్వాత వస్తారు. చిన్న గడ్డతో వచ్చినవారు కూడా "మొత్తం తీసేయండి" అంటారు. అది భయం వల్లేనని చాలాకాలం అనుకున్నాం. నిలబెట్టి అడిగితే అసలు కారణం బయటికి వస్తుంది. రొమ్ము ఉంచితే కరెంటు పెట్టించుకోవాలి. రేడియేషన్‌ను మన ఊళ్లలో అలాగే అంటారు. ఇందాక మరచిపోవద్దన్న 14.3 శాతం వచ్చింది ఈ కరెంటు పెట్టించుకున్నవారిలోనే. అయిదు వారాలపాటు రోజూ రావాలంటే ఆదిలాబాద్ నుంచో పాడేరు నుంచో వచ్చిన మనిషి ఎక్కడ ఉండాలి? ఆరోగ్యశ్రీ చికిత్స ఖర్చు చూస్తుంది. కూలి పోయిన రోజులను, ఇంటి దగ్గర పిల్లలను ఎవరు చూస్తారు?

కాబట్టి మన ఆడవాళ్ల రొమ్మును నిలిపే పరిశోధన కత్తి మీద కన్నా క్యాలెండర్ మీద జరిగింది. బ్రిటన్‌లో వరుస అధ్యయనాలు రేడియేషన్‌ను అయిదు వారాల నుంచి మూడు వారాలకు, 2020లో వచ్చిన ఫాస్ట్-ఫార్వర్డ్ అధ్యయనం దాన్ని ఒకే వారానికి కుదించాయి. నాలుగు వేల పైచిలుకు రోగుల్లో, అయిదు రోజులు తీసుకున్నవారికీ పదిహేను రోజులు తీసుకున్నవారికీ అయిదేళ్ల ఫలితం సమానంగానే ఉంది. అందరికీ వర్తించకపోవచ్చు. అయినా రోగికి ఆపరేషన్‌కు ముందే ఈ విషయం చెప్పని సర్జన్ సగం మాటే చెప్పినట్టు.

మన దేశంలో జరిగినవి రెండు చెబుతాను. టాటా మెమోరియల్ వైద్యులు ముంబై మురికివాడల్లో 1998 నుంచి లక్షా యాభై వేల మందికి పైగా స్త్రీలను ఇరవై ఏళ్లు గమనించారు. సగం మందికి శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తో రొమ్ము పరీక్ష చేశారు. మామోగ్రామ్ యంత్రం లేదు, విద్యుత్తుతో పని లేదు. యాభై దాటినవారిలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు ముప్పై శాతం తగ్గాయి. యాభై లోపు వారిలో మాత్రం స్పష్టమైన లాభం కనిపించలేదు. మన ఆశా కార్యకర్తలకు ఈ పని నేర్పడానికి ఇంకేం రుజువు కావాలో నాకు అర్థం కాదు.

రెండోది టాటా మెమోరియల్ సర్జన్ రాజేంద్ర బాద్వే బృందం 2023లో ప్రచురించింది. కోత పెట్టడానికి ఏడు నుంచి పది నిమిషాల ముందు గడ్డ చుట్టూ లిగ్నోకెయిన్ ఎక్కించారు. పన్ను పీకేటప్పుడు ఇచ్చే మత్తు మందే. సుమారు 1,600 మంది రోగులు. అయిదేళ్లకు బతికి ఉన్నవారు మందు ఇచ్చినవైపు 90.1 శాతం, ఇవ్వనివైపు 86.4. ఇది ఒక్క అధ్యయనమే, ఇతర దేశాల్లోనూ ఎవరైనా చేసి చూడాలి. కానీ ఆ మందు అమ్మి కోట్లు గడించే కంపెనీ లేదు కాబట్టి ఎవరు ఖర్చు పెడతారన్నది నా అనుమానం.

ఇప్పుడు గొంతు. థైరాయిడ్ ఆపరేషన్‌ను ఒకప్పుడు కసాయి పనిగా చూసేవారు, రక్తస్రావంతోనే మనుషులు పోయేవారు. దాన్ని మర్యాదస్థుల పని చేసింది స్విట్జర్లాండ్‌లోని బెర్న్ సర్జన్ థియోడోర్ కోహర్. ఆపరేషన్ మరణాలను ఒక శాతం కన్నా దిగువకు తెచ్చారు, 1909లో నోబెల్ అందుకున్నారు. నాకు ఆయనలో నచ్చేది ఆ చేతి నేర్పు కాదు. ఆపరేషన్ అయి ఇంటికి వెళ్లిన రోగులను 1883లో తిరిగి పిలిపించి చూశారు. గ్రంథి పూర్తిగా తీసినవారిలో అత్యధికులు మందకొడిగా, ఉబ్బిన ముఖాలతో ఉన్నారు, చిన్నపిల్లలైతే ఎదుగుదలే ఆగిపోయింది. థైరాయిడ్ దేనికి పనికొస్తుందో అప్పటికి ప్రపంచానికి తెలియదు. ఆయన ఆ సంగతి దాచకుండా సభలో చెప్పి, మామూలు గాయిటర్‌కు, అంటే థైరాయిడ్ వాపుకు, గ్రంథి మొత్తం తీయడం మానేశారు.

ఈ రోజు థైరాక్సిన్ మాత్ర ఉంది, పొద్దున్నే పరగడుపున వేసుకుంటే సరిపోతుంది. అందుకే "మొత్తం తీసేస్తే ఏం పోయింది?" అనేవారున్నారు. ఏం పోతుందో చెబుతాను. గ్రంథిని పక్కకు ఎత్తి పట్టుకుంటే శ్వాసనాళం, అన్నవాహిక మధ్య సందులో సన్నని తెల్లని నరం పైకి వెళ్తుంటుంది. మాట పలికేది దానివల్ల. దాన్ని లాగితే చాలు, కోయనక్కర్లేదు, గొంతు బొంగురుపోతుంది. గ్రంథి వెనక పసుపు-గోధుమ రంగులో కందిపప్పు బద్దంత పారాథైరాయిడ్లు సాధారణంగా నాలుగు ఉంటాయి. ఒంట్లో కాల్షియాన్ని అదుపులో ఉంచే గ్రంథులివి. కొవ్వులో కలిసిపోయి కనిపిస్తాయి. వాటి రక్తనాళాలు వెంట్రుకవాసివి. చూస్తుండగానే ఒకటి నల్లబడితే రక్తం ఆగిందని అర్థం. దాన్ని చిన్న ముక్కలుగా తరిగి మెడ కండరంలో పాతిపెడతాం. పారాథైరాయిడ్ల రక్తనాళాల మీద తొలి పరిశోధన చేసినవారిలో ఒకరు ఎవరనుకున్నారు? రొమ్ము దగ్గర అంత ఉదారంగా కోసిన ఆ హాల్‌స్టెడ్ గారే. ఈ పారాథైరాయిడ్లు దెబ్బతింటే చేతివేళ్లు కొంకర్లు పోతాయి, అవి కోలుకోకపోతే జీవితాంతం కాల్షియం మాత్రలు తప్పవు.

అందుకే దక్షిణ కొరియా కథ వినాలి. ఆరోగ్య పరీక్షల ప్యాకేజీల్లో మెడ స్కానింగ్ చౌకగా అందుబాటులోకి రావడంతో 2011 నాటికి అక్కడ థైరాయిడ్ క్యాన్సర్ కేసులు 1993తో పోలిస్తే పదిహేను రెట్లయ్యాయి. మరణాలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. జబ్బు పెరిగి ఉంటే మరణాలు కదలాలి. పెరిగింది వెతుకులాట. దొరికినవారిలో దాదాపు అందరికీ ఆపరేషన్ చేశారు. పదిహేను వేల మందికి పైగా రోగుల బీమా లెక్కలు చూస్తే 11 శాతం మందికి కాల్షియం సమస్య, 2 శాతం మందికి స్వరం దెబ్బ. 2014లో కొందరు డాక్టర్లే బహిరంగంగా "ఈ స్కానింగ్‌లు ఆపండి" అన్నాక ఒక్క ఏడాదిలో ఆపరేషన్లు మూడోవంతుకు పైగా తగ్గాయి.

జపాన్‌లోని కోబేలో, కుమా ఆసుపత్రి వైద్యుడు అకిరా మియావుచి 1993లోనే మరో దారి చూపారు. ఒక సెంటీమీటరు దాటని పాపిల్లరీ రకం థైరాయిడ్ క్యాన్సర్‌ను కోయకుండా, ఏటా స్కానింగ్‌తో గమనిస్తూ ఉందామన్నారు. 1,235 మంది ఒప్పుకున్నారు. పదేళ్లలో గడ్డ మూడు మిల్లీమీటర్లు లేదా అంతకు మించి పెరిగింది 8 శాతం మందిలో, మెడ గ్రంథులకు పాకింది 3.8 శాతం మందిలో. దానివల్ల చనిపోయినవారు ఒక్కరూ లేరు.

థైరాయిడ్ క్యాన్సర్లన్నీ ఇలా సోమరివని అనుకోవద్దు. వేగంగా పెరిగే గట్టి గడ్డ, మారిన గొంతు, మింగడంలో ఇబ్బంది ఉంటే ఆగడానికి లేదు. మెడల్లరీ, అనాప్లాస్టిక్ రకాల లెక్కే వేరు. నేను చెప్పేది ఏ లక్షణమూ లేకుండా, ప్యాకేజీలో భాగంగా తీయించుకున్న స్కానింగ్‌లో కనిపించిన నాలుగైదు మిల్లీమీటర్ల చుక్క గురించి. ఆ రిపోర్టు పట్టుకుని రాత్రంతా నిద్రపోకుండా వచ్చేవారు ఇప్పుడు మన పట్టణాల్లో పెరుగుతున్నారు.

థైరాయిడ్ పరిశోధనలో మనవారి పేరు ఒకటి చెప్పకుండా ఉండలేను. శ్రీకాకుళంలో పుట్టి, విశాఖ ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన వులిమిరి రామలింగస్వామి గారు. 1956లో హిమాలయాల దగ్గరి కాంగ్రా లోయను మూడు ప్రాంతాలుగా చేసి, రెండింటికి అయోడిన్ కలిపిన ఉప్పు, ఒకదానికి మామూలు ఉప్పు అందేట్టు చూశారు. కొన్నేళ్లకు అయోడిన్ అందినచోట గాయిటర్ దాదాపు సగానికి పడిపోయింది. మామూలు ఉప్పు తిన్నచోట అలాగే ఉంది. 1962లో వచ్చిన జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమానికి పునాది అదే. ఏ సర్జన్ తప్పించగలడు అన్ని ఆపరేషన్లను?

చివరిగా, ఈ అధ్యయనాల్లో చేరే మనుషుల మాట. "మా మీద ప్రయోగం చేస్తారా?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. రెండు చికిత్సల్లో ఏది మెరుగో మాకు నిజంగా తెలియనప్పుడే చీటీ వేసే హక్కు ఉంటుంది. తెలిసి వేస్తే అది నేరం. సమ్మతి పత్రం తెలుగులో ఉండాలి, చదివి వినిపించాలి, ఇంటికి తీసుకెళ్లి ఆలోచించుకునే వ్యవధి ఇవ్వాలి. ఎప్పుడు మానుకున్నా మామూలు వైద్యం ఆగకూడదు. మన దేశంలో జరిగే క్లినికల్ ట్రయల్స్ వివరాలన్నీ సీటీఆర్ఐ అనే ప్రభుత్వ రిజిస్ట్రీలో ఉంటాయి, ఫోనులోనే చూడవచ్చు. అక్కడ నమోదు కాని అధ్యయనంలో చేరమని నేను అడిగినా సంతకం పెట్టకండి.

ఇక మీ ప్రశ్నలు అడగండి. ముందు వరుసలో అమ్మగారు ఇందాకటి నుంచి చేయి ఎత్తుతున్నారు, మైకు అటు ఇవ్వండి.