పాత మిద్దె కింద పనసపొట్టు కూర (పాడ్‌కాస్ట్)

మేనకోడలు: నమస్కారం. విజయనగరం నుంచి మళ్ళీ మేమిద్దరమే. ఈ వారం భోజనం కబుర్లు. పాత బంగళాలో కొత్తగా తెరిచిన హోటలుకు వెళ్ళి వచ్చాం. మామయ్య ఈసారి గొడుగు మరిచిపోలేదు.

మామయ్య: సిరిమాను నాటి గొడుగు ఇంకా వదలవా అమ్మడూ?

మేనకోడలు: శ్రోతలు వదలడం లేదు, నేనేం చేయను? సరే, పనసపొట్టు కూర. ఆవ బాగా పట్టింది, రెండో ముద్దకే ముక్కుకెక్కింది. ముద్దపప్పుకు వంక పెట్టలేం. చారులో మాత్రం ఇంగువ...

మామయ్య: ఇంగువ సంగతి సరే, రంగు పెచ్చు పడింది చారులో.

మేనకోడలు: మొదలుపెట్టేశావు. రెండు నిమిషాలు కూడా కాలేదు.

మామయ్య: పడిందా లేదా? గోరంత పెచ్చు. పైన తెలుపు, కింద గంధం రంగు.

మేనకోడలు: పడింది. ఎవరైనా గిన్నె మార్చమంటారు. ఈయన ఆ పెచ్చును చెంచాతో తీసి, అరచేతిలో పెట్టుకుని, వడ్డించే అబ్బాయికి పాఠం చెప్పారు.

మామయ్య: చెప్పాలి కదా! అది గానుగ సున్నంతో కట్టిన గోడ. సున్నం, ఇసుక కలిపి ఎద్దుల గానుగలో రుబ్బేవారు. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్ళు పోసేవారు. ఆ గోడ వానకు తేమ పీల్చుకుంటుంది, ఎండకు వదిలేస్తుంది. దాని మీద ప్లాస్టిక్ రంగు పూస్తే తేమకు దారేది? ఉబ్బి, పెచ్చులూడి, నీ చారులో పడుతుంది. వెల్ల వేస్తే సరిపోయేది.

మేనకోడలు: వెల్ల వేస్తే వచ్చినవాళ్ళ వీపులకు అంటుకుంటుంది.

మామయ్య: గోడకు ఆనుకుని తినమని ఎవరన్నారు?

(నవ్వులు)

మేనకోడలు: చరిత్ర కూడా రెండు ముక్కలు చెప్పుకోవాలి. మన కోట 1713 నాటిది, గంటస్తంభం 1885...

మామయ్య: మెనూ వెనక రాసిందే చదువుతున్నావు. అసలు ఆ బంగళా కథ అందులో లేదు. కప్పు చూస్తే తెలిసేది, దానికేమో తెల్ల అట్టలు బిగించారు. చేతులు కడిగే చోట ఒక అట్ట ఊడి ఉంటే తొంగిచూశాను. అచ్చమైన మద్రాసు మిద్దె! టేకు దూలాలు, వాటి మీద సన్న ఇటుకలు నిలబెట్టి, ఏటవాలుగా వరుసలు. ఆపైన ఇటుక ముక్కలు, సున్నం. కూలీలు బారులు తీరి కూర్చుని రోజుల తరబడి చెక్కలతో కొట్టేవారు.

మేనకోడలు: అట్టలు లేకపోతే ఏసీ ఎలా? మే నెలలో ఎవరు వస్తారు?

మామయ్య: అంత ఎత్తు కప్పు ఉన్నదే చల్లదనానికి!

మేనకోడలు: హోటలు పెట్టబట్టే అది నిలబడింది మామయ్యా. హైదరాబాదులో ఫలక్‌నుమా చూడు, 2010 నుంచి హోటలే. 101 మంది కూర్చునే భోజనాల బల్ల ఇప్పటికీ ఉంది.

మామయ్య: దాన్ని ఏళ్ళ తరబడి బాగుచేశారు. ఇక్కడ ఒక్క వేసవిలో కానిచ్చేశారు.

మేనకోడలు: లేకపోతే ఈపాటికి అపార్టుమెంటు లేచేది. తాతగారి ఇంటికి అదేగా జరిగింది.

(కాసేపు మౌనం)

మామయ్య: ఆ సంతకం నాదే.

మేనకోడలు: నేను ఆ ఉద్దేశంతో అనలేదు.

మామయ్య: తెలుసులే. కూలగొట్టిన రోజు వెళ్ళాను. తలుపులు, కిటికీలు లారీ ఎక్కించారు. మిద్దె మాత్రం పొద్దున్నుంచి గునపాలతో కొట్టినా కదల్లేదు. మేస్త్రీ చెమట తుడుచుకుంటూ, ఎవరు కట్టారండీ బాబూ దీన్ని, అన్నాడు.

మేనకోడలు: ఏమన్నావు?

మామయ్య: ఏమంటాను? ఒక ఇటుక అడిగి తెచ్చుకున్నాను. పెరట్లో కుళాయి దగ్గర ఉందే, అది.

మేనకోడలు: అయ్యో, దాని మీదా నేను రోజూ మడమలు రుద్దుకునేది?

మామయ్య: రుద్దుకో. అరగదు.

మేనకోడలు: సరే... పాయసం గురించి చెప్పలేదు మనం.

మామయ్య: జీడిపప్పులు నాలుగు.

మేనకోడలు: లెక్కపెట్టావా!

మామయ్య: నీ గిన్నెలో రెండు, నా గిన్నెలో... ఉండు, ఎవరో తలుపు కొడుతున్నారు. గ్యాసు బండ వచ్చినట్టుంది.