కారు మీద లోతు గీత, తుప్పు చుక్క: టచ్ అప్ కిట్ కొనొచ్చా?

అందరికీ నమస్కారం. మాటల్లోకి వెళ్లే ముందు ఈ డోర్ చూడండి, కెమెరా దగ్గరికి తెస్తున్నాను. పార్కింగ్‌లో స్కూటర్ బ్రేక్ లివర్ రాసుకుపోయిన గీత ఇది. దీనికి అడ్డంగా గోరు లాగుతున్నాను, వినండి. టక్కున పట్టుకుంది కదా? గోరు పట్టుకుందంటే గీత లోతుగా దిగినట్టే. మధ్యలో బూడిద రంగు కనిపిస్తోంది చూశారా, అది ప్రైమర్, రంగు కింద వేసే అడుగు పూత. అంటే పైనున్న క్లియర్ కోటూ పోయింది, దాని కింద రంగూ పోయింది.

ఇప్పుడు వెనక చక్రం పైన ఈ అంచు. రాయి తగిలి పెయింటు లేచిన చోట మిరియం గింజంత తుప్పు. ఇది విశాఖ బండి. ఉప్పుగాలి తగిలే ఊళ్లో రేకు బయటపడితే తుప్పు ఆగదు. పైకి చుక్కే కనిపిస్తుంది, కానీ పెయింటు కింద నుంచి పక్కలకి పాకుతూ పోతుంది.

ఈ కిట్‌లో వచ్చేవి ఇవీ: ఒక రబ్బింగ్ కాంపౌండ్ ట్యూబు, బ్రష్ మూతతో రంగు సీసా, క్లియర్ కోట్ సీసా. రస్ట్ కన్వర్టర్, అంటే తుప్పుని గట్టి పొరగా మార్చే మందు, మాత్రం నేను విడిగా కొన్నాను. కిట్‌లో అది ఇవ్వకపోవడం నాకు అస్సలు నచ్చలేదు. ఎందుకో ఇప్పుడే తెలుస్తుంది.

మొదట కాంపౌండ్. దీన్ని గీతలు మాయం చేసే మందులా అమ్ముతున్నారు. అది చేసే పని ఒక్కటే, అరగదీయడం. కంపెనీ పెయింటు పొరలన్నీ కలిపినా మందం సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అందులో క్లియర్ కోట్ 40, 50 మైక్రాన్లు ఉంటుంది. గీత ఆ పై పొరలోనే ఉంటే చుట్టూ కాస్త అరిగి సమానమై, కంటికి ఆనదు. కడిగే గుడ్డతో పడ్డ సన్న గీతలకి కాంపౌండ్ చక్కగా పనిచేస్తుంది, అందులో అనుమానం లేదు. కానీ మన డోర్ గీతలో అరగదీయడానికి పెయింటే మిగల్లేదు. ఎంత రుద్దినా ఆ గుంట నిండదు, చుట్టూ ఉన్న మంచి క్లియర్ కోట్ పలచబడుతుంది. దయచేసి ఆ పని చేయకండి. కొబ్బరినూనో, డబ్ల్యూడీ-40 స్ప్రేనో రాసి గీత పోయిందని చూపించే వీడియోలు బోలెడున్నాయి. నూనె ఆ గుంటలో నిలిచి మెరుస్తుంది, షాంపూ పెట్టి కడగ్గానే గీత మళ్లీ పైకి తేలుతుంది.

ఇక తుప్పు. ఈ వీడియోలో నేను గట్టిగా చెప్పదలుచుకున్నది ఈ ముక్కే. తుప్పు మీద రంగు వేయకండి. వేస్తే కొన్నాళ్లు బాగానే ఉంటుంది, తర్వాత పొక్కులు లేస్తాయి, ఈసారి మచ్చ పెద్దదవుతుంది.

చుట్టూ మాస్కింగ్ టేపు వేశాను. 320 నంబరు ఎమెరీ పేపరుని చిన్న ముక్క చేసి, పెన్సిల్ వెనక చివరకి అంటించి, చుక్క మీద మాత్రమే రుద్దుతున్నాను. చూడండి, ముందు ఇటుకపొడిలా ఎర్రగా రాలుతోంది, తర్వాత కింద రేకు తెల్లగా బయటపడుతోంది. కానీ ఆ మధ్యలో సూదిమొనల్లాంటి నల్ల గుంటలు చూశారా? అక్కడ తుప్పు ఇంకా దాక్కుని ఉంది, పేపరు అందదు. అక్కడికే ఈ కన్వర్టర్. టానిక్ యాసిడ్ ఉన్న రకం ఇది. ఒక్క చుక్క పెట్టాను. గోధుమరంగు మెల్లగా నీలం కలిసిన నలుపులోకి మారుతోంది. తుప్పు మారి, రేకుకి గట్టిగా పట్టుకుని ఉండే పొర అవుతోందన్నమాట. సీసా మీద రాసినంత సేపు ఆరనివ్వండి, తొందరపడొద్దు. ఆరాక దాని మీద ప్రైమర్.

రంగు కొనేటప్పుడు తెలుపు, సిల్వర్ అని అడిగితే కుదరదు, కలర్ కోడ్ కావాలి. చాలా కార్లలో డ్రైవర్ డోర్ తెరిస్తే పిల్లర్ మీదో, బానెట్ కింద ప్లేటు మీదో ఉంటుంది. మారుతిలో సుపీరియర్ వైట్ అయితే 26యు, సిల్కీ సిల్వర్ అయితే జెడ్2ఎస్. మామూలు తెలుపు బాగా కలిసిపోతుంది. సిల్వర్ లాంటి మెటాలిక్ రంగుల్లో సన్నటి అల్యూమినియం రేణువులుంటాయి. స్ప్రే చేసినప్పుడు ఒకలా, బ్రష్‌తో పెట్టినప్పుడు ఇంకోలా పరుచుకుంటాయి. కోడ్ సరిపోయినా ఎండలో పక్క నుంచి చూస్తే మచ్చ తెలుస్తుంది.

సీసాతో వచ్చిన బ్రష్ నేను వాడను, చాలా లావు. టూత్‌పిక్ మొనతో గీతలో మాత్రమే రంగు నింపుతున్నాను, పలచగా. ఆరాక ఇంకో పూత. ఆరేకొద్దీ రంగు కుంగుతుంది కాబట్టి రెండు మూడు పూతలు తప్పవు. పైన క్లియర్ కోట్. వాన ముసురు రోజున ఈ పని పెట్టుకోకండి, గాలిలో తేమకి క్లియర్ కోట్ పాలిపోయినట్టు తెల్లబడుతుంది. ఉబ్బెత్తుగా ఉన్న చోట కొన్ని రోజులు గట్టిపడనిచ్చి, 2000 నంబరు వాటర్ పేపరు తడిపి మెల్లగా సమానం చేసి, అప్పుడు కాంపౌండ్ పట్టించండి. ఇక్కడ అది తన పని తాను చేస్తుంది.

ఇదిగో ఫలితం. నాలుగడుగుల దూరం నుంచి గీత కనిపించట్లేదు. దగ్గరికొస్తే కనిపిస్తుంది, గోరుకి కొద్దిగా తగులుతుంది కూడా. కొత్త డోర్‌లా రావాలంటే టింకరింగ్ షెడ్‌లో ప్యానెల్ మొత్తానికి పెయింటు వేయించాల్సిందే. దాని కోసం ఇన్సూరెన్స్ క్లెయిమ్ పెడితే, క్లెయిమ్ లేకుండా ఐదేళ్లు దాటినవాళ్లకి వచ్చే 50 శాతం నో క్లెయిమ్ బోనస్‌కి, అంటే ప్రీమియంలో తగ్గింపుకి, దెబ్బ. ఒక్క గీత కోసం అది నష్టమే.

రేకు బయటపడిన గీతకి ఈ కిట్ తీసుకోండి, కన్వర్టర్, ప్రైమర్ కలిపి. ప్లాస్టిక్ బంపర్ మీద గీతకి తొందరేం లేదు, దానికి తుప్పు పట్టదు. తుప్పు చోట స్క్రూడ్రైవర్ మొనతో నొక్కి చూడండి. రేకు మెత్తగా లోపలికి దిగిందంటే మాత్రం ఏ సీసా కొనకండి, ఆ ముక్క కోసి వెల్డింగ్ చేసేవాళ్ల దగ్గరికి బండి తీసుకెళ్లండి.