ఊరికే నిలబడ్డవాడి కూలి

(బ్యాండు కళాకారుల సమావేశంలో చేసిన ప్రసంగం)

అధ్యక్షుల వారికీ, వేదిక మీది పెద్దలకీ నమస్కారం. పేర్లు చదవడం మొదలెడితే భోజనాలు చల్లారిపోతాయి. ఒక్క నమస్కారంతో సరిపెట్టుకోండి.

నాకిచ్చిన అంశం యూరప్‌లో ట్రాంబోన్ చరిత్ర. మా నాన్న దాన్ని లాగుడు బూర అనేవాడు. ట్రాంబోన్ అనే ఇటాలియన్ మాటకి అర్థం కూడా 'పెద్ద బూర' అనే. ఇటలీ ఎక్కడుందో తెలియకుండానే ఎంత దగ్గరగా వచ్చాడో చూడండి.

రోమ్‌లో సాంతా మరియా సోప్రా మినెర్వా అనే చర్చి ఉంది. అక్కడ 1488-93 మధ్య ఫిలిప్పీనో లిప్పీ వేసిన గోడచిత్రంలో మేరీమాత పరలోకానికి వెళ్తుంటుంది. చుట్టూ వాద్యాలు పట్టుకున్న దేవదూతలు. ఒకరి చేతిలో మన బూరే, స్లైడుతో సహా, అంటే ముందుకీ వెనక్కీ లాగే గొట్టంతో సహా. ఈ వాద్యాన్ని స్పష్టంగా చూపించిన తొలి బొమ్మల్లో అదొకటి. ఊరేగింపులో మనల్ని చివరి వరసలో నిలబెడతారు కదా, అందుకని చెబుతున్నాను.

దీనికి చర్చిలో చోటు ఎందుకు దొరికిందంటే, అప్పటి ట్రంపెట్‌కి మీటలు లేవు, స్వరాలన్నీ పలికేది కాదు. స్లైడు లాగితే అన్నీ పలుకుతాయి. అందుకే గాయకుల పక్కన నిలబెట్టారు. వెనిస్‌లో జొవాన్నీ గాబ్రియేలీ అనే స్వరకర్త 1597లో అచ్చువేయించిన 'సొనాటా పియాన్ ఎ ఫోర్తే'లో ఎనిమిది భాగాలుంటే ఆరు ట్రాంబోన్లే. ఎక్కడ మెల్లగా, ఎక్కడ గట్టిగా వాయించాలో కూడా రాశాడు. మెల్లగా అనే మాట ఒకటుందని మన కీబోర్డు కుర్రాళ్ళకి కాస్త చెప్పండి.

ఇక వియన్నా. 1808 డిసెంబర్ 22. గడ్డకట్టే చలి, నాలుగు గంటల కచేరీ. స్వరకర్త బేతోవెన్ ఐదో సింఫనీ మొదటిసారి వాయిస్తున్నారు. సింఫనీ అంటే పెద్ద వాద్యబృందం కోసం రాసిన సంగీతం, ఇందులో నాలుగు భాగాలు. అందులో ముగ్గురు ట్రాంబోన్ వాళ్ళు. మొదటి భాగంలో వాళ్ళకి ఒక్క స్వరం లేదు. రెండో దాంట్లో లేదు. మూడో దాంట్లోనూ లేదు. నాలుగోది మొదలవగానే ముగ్గురూ ఒక్కసారిగా అందుకుంటారు.

ఇక్కడ మా నాన్న సంగతి చెప్పాలి. అధ్యక్షుల వారు వాచీ చూసుకుంటున్నారు, చూసుకోనివ్వండి.

నాకప్పుడు పన్నెండేళ్ళు. ఓ పెళ్ళిలో రాత్రంతా ఊరేగింపు. నాన్న ప్రతి పాటలో సగంసేపు బూర దించుకుని నిలబడేవాడు. స్లైడులో చేరిన నీళ్ళు విదిలించేవాడు, చిన్న సీసాలోంచి రెండు చుక్కలు కొబ్బరినూనె వేసి గుడ్డతో తుడిచేవాడు. పెదాలు మాత్రం లోపల లెక్కపెడుతూనే ఉండేవి. వంతు రాగానే ఎత్తేవాడు, ఒక్కసారి కూడా తప్పలేదు. తెల్లారాక పెళ్ళివారి పెద్దమనిషి డబ్బు పంచుతూ, "ఈ లాగేవాడు సగంసేపు ఊరికే నిలబడ్డాడు, ఇతనికి సగం చాలు" అన్నాడు. సగమే ఇచ్చాడు. నాన్న ఏమీ అనలేదు. నోట్లు మడిచి జేబులో పెట్టుకుని బూరని దుప్పట్లో చుట్టాడు.

తమ్ముళ్ళూ, మీలో ఎంతమందికి ఇలా కోశారు? చేతులెత్తండి. చూశారా అధ్యక్షుల వారూ!

బ్రామ్స్ అనే ఇంకో స్వరకర్త మరీ ఘోరం. 1876 నాటి మొదటి సింఫనీలో మూడు భాగాలు ఖాళీగా కూర్చోబెట్టి, నాలుగోదాంట్లో చర్చి కీర్తనలా మెల్లగా ఊదమన్నాడు. చల్లబడ్డ పెదాలతో మెల్లగా ఊదడం ఎంత టెన్షనో మీకు చెప్పక్కర్లేదు. ఆ పెద్దమనిషి లెక్క ప్రకారం వాళ్ళకి పావు కూలి.

మీలో చర్చికి వెళ్ళేవాళ్ళకి 'కడబూర' తెలుసు, చివరి రోజున చచ్చినవాళ్ళని లేపే బూర. లూథర్ తన జర్మన్ బైబిల్లో అక్కడ వాడిన మాట పొసౌనె. ఇప్పటి జర్మన్లో దానికి ట్రాంబోన్ అనే అర్థం. అంటే చచ్చినవాళ్ళని లేపడం వాళ్ళ లెక్కలో మన పని. బేతోవెన్ 1812లో లింజ్ ఊళ్ళో, చనిపోయినవాళ్ళని తలుచుకునే పండగ కోసం, నాలుగు ట్రాంబోన్లకి చిన్న చిన్న ముక్కలు రాశాడు. 1827లో ఆయన అంత్యక్రియల్లో వాటిల్లో రెండు వాయించారు.

నేను రాసుకొచ్చిన కాగితాల్లో ఇంకా నాలుగు పేజీలున్నాయి, వదిలేస్తున్నాను. ఐదో సింఫనీ రికార్డు తెచ్చాను. భోజనాలు కాస్త ఆలస్యమైనా లేవకండి, ముగ్గురు కూర్చుని ఉన్నారు. మైకు తమ్ముడూ, మొదటి నుంచీ పెట్టు. నాలుగో భాగానికి తిప్పొద్దు.