గెలిపించింది సన్ పత్రికేనా? బ్రిటన్ ఎన్నికలపై పత్రికల పట్టు

(తెరపై: 1992 ఏప్రిల్ 9 నాటి సన్ పత్రిక మొదటి పేజీ)

నమస్కారం. మీరు చూస్తున్న ఈ పేజీ బ్రిటన్‌లో పోలింగ్ జరిగిన రోజు తెల్లవారేసరికి పాఠకుల చేతికి అందింది. విద్యుత్ బల్బులో లేబర్ పార్టీ నాయకుడు నీల్ కినాక్ తల ఉంది. ఈ రోజు కినాక్ గెలిస్తే, దేశం విడిచి వెళ్లే ఆఖరి మనిషి దయచేసి దీపాలు ఆర్పేసి వెళ్లాలని పక్కన పెద్ద అక్షరాల్లో ఉంది. అప్పట్లో ఆ పత్రిక రోజుకు సుమారు 35 లక్షల ప్రతులు అమ్ముడుపోయేది. పోటీ హోరాహోరీగా ఉంటుందని సర్వేలు చెప్పినా, జాన్ మేజర్ నాయకత్వంలోని కన్జర్వేటివ్ పార్టీ 21 స్థానాల ఆధిక్యంతో అధికారం నిలబెట్టుకుంది. ఏప్రిల్ 11న అదే పత్రిక, గెలిపించింది తానేనని వీధి యాసలో పతాక శీర్షిక పెట్టింది. ఇరవై ఏళ్ల తర్వాత, 2012లో, పత్రికల తీరుతెన్నులపై వేసిన లెవిసన్ విచారణ సంఘం ముందు దాని యజమాని రూపర్ట్ మర్డాకే ఆ శీర్షిక తప్పని ఒప్పుకున్నారు.

రెండు పార్టీల మధ్య ఓట్ల తేడా ఏడు శాతానికి పైగా ఉన్నప్పుడు ఒక్క పేజీ ఫలితాన్ని మార్చిందని నమ్మడం కష్టం. 1924లోనూ ఇలాగే జరిగింది. పోలింగ్‌కు నాలుగు రోజుల ముందు డైలీ మెయిల్ ఒక లేఖను ప్రచురించింది. సోవియట్ నాయకుడు జినోవియెవ్ బ్రిటిష్ కమ్యూనిస్టులకు రాసినట్లు చెప్పిన ఆ లేఖ నకిలీదని తర్వాత చరిత్రకారులు తేల్చారు. లేబర్ ప్రభుత్వం పడిపోయింది కానీ, ఆ పార్టీకి వచ్చిన ఓట్లు అంతకు ముందు ఏడాదితో పోలిస్తే సుమారు 10 లక్షలు పెరిగాయి. కుప్పకూలింది లిబరల్ పార్టీ. కాబట్టి పత్రికల బలాన్ని పోలింగ్ నాటి శీర్షికల్లో వెతకడం సరికాదని నా అభిప్రాయం.

(తెరపై: రాత్రి వార్తల స్టూడియో, బల్లపై మర్నాటి పత్రికలు)

బ్రిటన్‌లో టీవీ, రేడియోలు వార్తల్లో నిష్పాక్షికత పాటించి తీరాలన్నది చట్టం. డబ్బు తీసుకుని రాజకీయ ప్రకటనలు వేయడం నిషేధం. పోలింగ్ రోజున రాత్రి 10 గంటల వరకు ఎన్నికల అంశాలపై చర్చ కూడా ఆపేస్తారు. పత్రికలకు ఈ కట్టుబాట్లేవీ లేవు. ఏ పార్టీకి ఓటేయాలో మొదటి పేజీలోనే చెప్పవచ్చు. అయితే రాత్రిపూట టీవీ చానళ్లు మర్నాటి పత్రికల మొదటి పేజీలను చూపించి చర్చిస్తాయి. ఏ పక్షమూ వహించకూడని టీవీలో ఏ విషయం గురించి మాట్లాడాలో, ఒక పక్షం వహించే సంపాదకుడు ఈ దారిన కొంతవరకు నిర్ణయించగలుగుతాడు. చాలామంది పట్టించుకోని ఈ దారే నాకు అన్నిటికన్నా ముఖ్యమైనదిగా కనిపిస్తుంది.

రోజూ చదివే పత్రిక మనసును ఎంత మారుస్తుందో చూడాలంటే లివర్‌పూల్ వెళ్లాలి. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో మైదానంలో జరిగిన తొక్కిసలాటలో 97 మంది లివర్‌పూల్ ఫుట్‌బాల్ జట్టు అభిమానులు ప్రాణాలు కోల్పోయారు. నాలుగు రోజుల తర్వాత సన్ పత్రిక, ఇదే నిజం అన్న శీర్షిక కింద, అభిమానులు శవాల జేబులు కొట్టేశారని అబద్ధపు ఆరోపణలు అచ్చేసింది. బిడ్డలను పోగొట్టుకున్న ఊరికి అది పుండు మీద కారం చల్లినట్లయింది. లివర్‌పూల్ ఉన్న మెర్సీసైడ్ ప్రాంతంలో జనం ఆ పత్రిక కొనడం మానేశారు, ఎన్నో దుకాణాలు అమ్మడం మానేశాయి, ఆ బహిష్కారం నేటికీ కొనసాగుతోంది. ఆ తర్వాతి దశాబ్దాల్లో సన్ పత్రిక యూరోపియన్ యూనియన్‌పై నిత్యం దుమ్మెత్తిపోసింది. ఆ రాతలు అందని మెర్సీసైడ్‌ను ఇంగ్లండ్‌లోని ఇతర ప్రాంతాలతో పోల్చి చూసిన పరిశోధకులకు అక్కడ యూనియన్ పట్ల వ్యతిరేకత తగ్గినట్లు కనిపించింది. 2016 రెఫరెండంలో దేశం మొత్తం మీద సుమారు 52 శాతం మంది యూనియన్ నుంచి వైదొలగాలని ఓటేస్తే, లివర్‌పూల్ నగరంలో సుమారు 58 శాతం మంది కొనసాగాలని ఓటేశారు. దీనికి వేరే కారణాలు లేకపోలేదు, కానీ ఇంత స్పష్టమైన పోలిక మరో చోట దొరకడం అరుదు.

ఓటర్ల కన్నా నాయకుల మీద ఈ ప్రభావం ఇంకా తేలిగ్గా కనిపిస్తుంది. కినాక్‌కు పట్టిన గతి చూసిన లేబర్ నాయకుడు టోనీ బ్లెయిర్, 1995 జులైలో మర్డాక్ సంస్థ సమావేశంలో ప్రసంగించడానికి ఆస్ట్రేలియాలోని హేమన్ ద్వీపం వరకు విమానంలో వెళ్లారు. 1997 మార్చిలో సన్ ఆయనకు మద్దతు ప్రకటించింది. 2017లో మాత్రం, ఎక్కువ అమ్ముడుపోయే పత్రికలు లేబర్ నాయకుడు జెరెమీ కోర్బిన్‌పై విరుచుకుపడినా ఆ పార్టీకి 40 శాతం ఓట్లు వచ్చాయి, కన్జర్వేటివ్ ప్రధాని థెరీసా మే మెజారిటీ పోగొట్టుకున్నారు.

(తెరపై: లివర్‌పూల్ వీధి, దుకాణం కిటికీలో బహిష్కార పోస్టరు)

2020 జనవరిలో లేబర్ నాయకత్వానికి పోటీపడుతూ లివర్‌పూల్ వచ్చిన కీర్ స్టార్మర్, ఈ ప్రచారంలో సన్ పత్రికకు ఇంటర్వ్యూ ఇవ్వబోనని సభలోనే చెప్పి చప్పట్లు కొట్టించుకున్నారు. 2021 అక్టోబరులో, పార్టీ నాయకుడి హోదాలో, అదే పత్రికకు వ్యాసం రాశారు. లివర్‌పూల్‌లో ఆయన సొంత పార్టీ వారే మండిపడ్డారు. ఆయన వెనక్కి తగ్గలేదు. 2024 జులై 3న, పోలింగ్‌కు సరిగ్గా ఒక రోజు ముందు, సన్ లేబర్ పార్టీకి మద్దతు ప్రకటించింది. లేబర్ గెలుస్తుందని సర్వేలన్నీ అప్పటికి ఎన్నో నెలలుగా చెబుతూనే ఉన్నాయి.